అన్నదమ్ముల పోరు: అమెరికా అంతర్యుద్ధమున కొన్ని మలుపులు

యుద్ధచరిత్రలన్న మనలో పెక్కుమందికి విసుగు. సేనానుల పేర్లు, తేదీలు, చచ్చినవారి లెక్కలు: వీనితో మనకేమి పనియని పుస్తకము మూసివేయుదుము. నేనును చిరకాలమట్లే యనుకొంటిని. కాని 1861 మొదలు 1865 వఱకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన అంతర్యుద్ధమును గూర్చి చదువుచు పోగా, ఆ పోరు రణభూములలో నెంత జరిగినదో వంటయిండ్లలోను, పురిటిగదులలోను నంతయు జరిగినదని తోచినది. సోదరీమణులారా, అందుచేతనే యీ నాలుగు మాటలు.

వర్జీనియా రాష్ట్రమున బుల్‌రన్ అను చిన్న యేటి దాపున విల్మర్ మెక్లీన్ అను గృహస్థుడుండెను. 1861 జూలైలో దక్షిణసేనాని బోరెగార్డు ఆతని యింటిని తన బసగా చేసికొనెను. ఒకనాడు శత్రువుల ఫిరంగిగుండు వచ్చి వంటయింటిపై బడి, సేనానికై సిద్ధమగుచున్న భోజనమును మట్టిపాలు చేసెను. పిమ్మట మెక్లీన్, యుద్ధము దరిజేరని చోట భార్యాబిడ్డలతో సుఖముగా నుండవలెనని తలచి, నూఱు మైళ్ళకు పైగా దూరముననున్న యొక చిన్న పల్లెకు తరలిపోయెను. ఆ పల్లె సంగతి చివర చెప్పెదను.

ఇంతకును పోరు దేనికి? ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో ప్రత్తి ప్రధానపు పంట. ఆ ప్రత్తిని పండించువారు ఆఫ్రికానుండి తేబడిన వారి సంతతివారగు నల్లజాతి బానిసలు. 1860 నాటి జనాభాలెక్కలలో వారి సంఖ్య రమారమి 40 లక్షలు. పశువులవలె వారిని సంతలో వేలము వేయుచుండిరి. తల్లి నొకడు కొనును, చంకలోని బిడ్డ నింకొకడు కొనును, అడుగువాడు లేడు. రాష్ట్రముల హక్కులకొఱకే పోరాడితిమని దాక్షిణాత్యులు తరువాత చెప్పుకొనిరి గాని, కూటమినుండి విడిపోవునాడు సౌత్ కరోలినా, మిసిసిపి మొదలగు రాష్ట్రములు ప్రకటించిన పత్రములలో దాస్యమునే ముఖ్యకారణముగా వ్రాసికొనిరి. వారి చేవ్రాలే వారికి సాక్ష్యము.

ఈ దాస్యముపై ఉత్తరదేశపు జనుల మనస్సులను మరల్చినది యొక గృహిణి. హారియెట్ బీచర్ స్టో యను నామె యేడ్గురు బిడ్డల తల్లి. 1849లో కలరా వచ్చి పసివాడొకడు చనిపోయెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమెట్టిదో తన కడుపుకోతవలన నెఱిగి, సంతలో బిడ్డల నెడబాయు బానిసతల్లుల కథను ఇంటిపనుల నడుమ వ్రాయసాగెను. 1852లో పుస్తకముగా వెలువడిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ మొదటి యేటనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు చెల్లెను. యుద్ధమును పుస్తకము తెచ్చినదనుట అతిశయోక్తి. కాని అంతవఱకు మనకేలయని యూరకుండిన యిండ్లలో ఆ పుస్తకము నిద్రపట్టనీయలేదు.

1860 నవంబరులో ఏబ్రహాం లింకను అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. దాస్యమును క్రొత్త ప్రాంతములకు వ్యాపింపనీయనని మాత్రమే యాతడు చెప్పియుండెను. ఉన్నచోట తీసివేయుదునని యనలేదు. దాక్షిణాత్యుల కదియే చాలెను. డిసెంబరు 20వ తేదీన సౌత్ కరోలినా విడిపోయెను. మఱుసటి ఫిబ్రవరికి మఱి యాఱు రాష్ట్రములు దానితో చేరి జెఫర్సన్ డేవిస్‌ను తమ యధ్యక్షునిగా పెట్టుకొనెను. 1861 ఏప్రిలు 12వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు చార్లెస్టను రేవులోని సమ్టరు కోటపై దాక్షిణాత్యులు ఫిరంగులు ప్రేల్చిరి. ఊరిలోని స్త్రీపురుషులు మేడలపై కెక్కి వేడుక చూచిరి. మేరీ చెస్నట్ అను సంపన్నురాలు అట్లు చూచుచు, నలసి, చీకటిలో నల్లపీటవలె నగపడిన దానిపై కూర్చుండగా నది పొగగొట్టమయి యామె చీరచెఱగువంటి దుస్తుల యంచు రగుల్కొన్నదట. ఈ సంగతి యామెయే తన దినచర్యలో వ్రాసికొనినది. ముప్పదినాలుగు గంటల ఫిరంగిపోరులో ఒక్క మనుష్యుడైనను చావలేదు. ఇదేమి యుద్ధము, పిల్లలాటయని యిరుపక్షములవారును భ్రమపడిరి. లింకను 75,000 మంది సైనికులను మూడు నెలలకు మాత్రమే పిలిచెను. ఇంకొక నాలుగు రాష్ట్రములు దక్షిణముతో కలసెను, మొత్తము పదునొకండు.

ఆ భ్రమ బుల్‌రన్ యొద్ద జూలై 21వ తేదీన తొలగెను. ఉత్తరసేన గెలుపును చూడవలెనని వాషింగ్టను నగరమునుండి శాసనసభ్యులు, దొరసానులు బండ్లెక్కి భోజనపు బుట్టలతో వచ్చిరి. సాయంకాలమునకు ఔత్తరాహులు ఓడి, సైనికులు, బండ్లు, గుఱ్ఱములు, వేడుక చూడవచ్చినవారు నొక్కటే దారిని పడి పరుగులెత్తిరి. ఆ రణభూమి నడుమనొక చిన్న యింట జూడిత్ హెన్రీ యను వితంతువు మంచము పట్టియుండెను. వయస్సు ఎనుబదియైదు. కదల్చబోయిన బిడ్డలతో, చచ్చిన నా యింటనే చత్తుననెను. ఫిరంగిగుండు తగిలి యా మంచముమీదనే ప్రాణము విడిచెను. ఆనాటి చచ్చినవారి పట్టికలో సైనికులతోపాటు ఈ ముసలమ్మ పేరును గలదు.

లింకను దక్షిణరేవుల నన్నిటిని నావికాదళముతో కట్టించెను. ఇందువలన మన దేశమునకును సెగ తగిలెను. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు వచ్చు ప్రత్తిలో ముక్కాలు పాలుకు పైగా అమెరికాది. అది నిలిచిపోగా వారు మన ప్రత్తికై యెగబడిరి. బొంబాయిలో వర్తకులు రాత్రికి రాత్రి కోటీశ్వరులైరి. గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో పండిన ప్రత్తికి గిరాకి హెచ్చి, కాకినాడ రేవు ప్రత్తి వ్యాపారమున ప్రసిద్ధి కెక్కినది ఆ దినములలోనే. 1865లో పోరు ముగియగానే ధరలు కూలి, పైకెగసినవారిలో పలువురు క్రింద పడిరి. ఎక్కడి అమెరికా, ఎక్కడి గుంటూరు! మన ముత్తవ్వలు రాట్నము ముందు కూర్చుండి, ప్రత్తి యింత ప్రియమేల యయ్యెనని వింతపడియుందురు.

1862లో పడమటి దిక్కున షైలో యను చోట ఏప్రిలు 6, 7 తేదీలలో జరిగిన పోరున రెండు పక్షములలోను కలిపి ఇరువదిమూడు వేలకు పైగా చచ్చిరి, గాయపడిరి, చిక్కిరి. అందు చచ్చిన దక్షిణసైనికులలో సామ్యూల్ టాడ్ అనువాడొకడు. ఆతడెవరనుకొన్నారు? అధ్యక్షుడగు లింకను భార్య మేరీకి సవతితమ్ముడు. ఆమె పుట్టినిల్లు కెంటకీ. తోబుట్టువులలో పెక్కుమంది దక్షిణపక్షమువారు. ఆ సంవత్సరమే ఇంకొక తమ్ముడు అలెగ్జాండరును పోయెను. మఱుసటి సంవత్సరము చెల్లెలు ఎమిలీ భర్త, దక్షిణసేనాని, చికమాగా పోరున కూలెను. ఆ విధవాచెల్లెలు నల్లబట్టలతో వాషింగ్టను చేరగా అక్క యామెను అధ్యక్షభవనముననే యుంచుకొనెను. శత్రువు భార్యను ఇంట పెట్టుకొన్నారని పత్రికలవారు, రాజకీయవేత్తలు నిందించిరి. మేరీ యప్పటికే 1862 ఫిబ్రవరిలో పదునొకండేండ్ల కుమారుని జ్వరమున పోగొట్టుకొనియున్నది. తమ్ముల చావునకు పైకి ఏడ్చిన రాజద్రోహము, ఏడ్వకున్న పాషాణహృదయము. ఈమెను గూర్చి చరిత్రకారులు కఠినముగా వ్రాయుదురు. నాకు మాత్రము జాలియే కలుగును.

ఇక యాంటియెటం. గెటిస్‌బర్గునే యీ యుద్ధమునకు మలుపని సాధారణముగా చెప్పుదురు. నా మనస్సునకు యాంటియెటమే యసలు మలుపని తోచును. 1862 సెప్టెంబరులో దక్షిణసేనాని రాబర్టు లీ ఉత్తరభూమిలో నడుగుపెట్టెను. ఆతని యుద్ధపన్నాగము వ్రాసిన కాగితమొకటి మూడు చుట్టలకు చుట్టి యుండగా, విడిచిపోయిన మైదానమున ఉత్తరసైనికులకు దొరకెను! ఇట్టి యదృష్టము చేతికందినను సేనాని మెక్లెలను తాపీగానే కదలెను. 17వ తేదీన మేరీలాండులోని ఆ యేటియొడ్డున తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు పోరు. జొన్నచేలు కొడవలితో కోసినట్లు గుండ్లకు తెగిపడెను. ఒక్క దినమున నిరుపక్షములందును దాదాపు 23,000 మంది చచ్చిరి లేక గాయపడిరి. ఆ దేశచరిత్రలో నంతటి దినము మఱి లేదు.

గాయములకు కట్టుటకు గుడ్డ లేక వైద్యులు మొక్కజొన్న పొత్తుల పొరలు కట్టుచుండగా, క్లారా బార్టను అను పెండ్లికాని యువతి మందులు, కట్లు, తిండి నింపిన బండితో నచటికి వచ్చెను. ఒక సైనికుని తలయెత్తి నీరు త్రాగించుచుండగా గుండొకటి యామె చొక్కాచేతిని చీల్చుకొనిపోయి యా సైనికుని చంపెను. ఆమె లేచి వేఱొకనియొద్దకు పోయెను. అంతకు పూర్వ మామె ప్రభుత్వపు కచేరీలో గుమాస్తా. అమెరికాలో రెడ్‌క్రాస్ సంఘమును 1881లో స్థాపించినది యీమెయే.

లీ వెనుకకు మరలెను. గొప్ప గెలుపు కాదు. అయినను లింకనునకు కావలసినంత గెలుపు. అయిదు దినములకే, సెప్టెంబరు 22వ తేదీన, తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలు 1863 జనవరి 1 నుండి స్వతంత్రులని ప్రకటించెను. ఆ ప్రకటన తన పక్షముననున్న కెంటకీ మొదలగు చోట్ల బానిసలను విడిపింపలేదు. ఆ లోపమును దాచనక్కఱలేదు. కాని దానితో పోరు స్వభావమే మాఱెను. కూటమి నిలుపుటకై మొదలైనది మనుష్యుల విడుదలకై యయ్యెను. దక్షిణమును వేఱు దేశముగా నంగీకరింప నాలోచించుచున్న ఇంగ్లండు వెనుకాడెను. ప్రత్తి లేక పని పోయి పస్తులున్న మాంచెస్టరు కూలీలే లింకనునకు మద్దతు తెలుపుచు జాబు వ్రాసిరి. నల్లవారు తుపాకి పట్టిరి. యుద్ధాంతమునకు వారి సంఖ్య లక్షాయెనుబది వేలు.

వారిలో లెక్కకు రాని యోధురాలొకతె: హారియెట్ టబ్‌మన్. బానిసగా పుట్టి, పారిపోయి, మరల మరల రహస్యముగా వెళ్ళి తనవారిని పదులకొలది తప్పించినది. యుద్ధమున వంటలక్కగా, దాదిగా, వేగులదానిగా పనిచేసెను. 1863 జూను 2వ తేదీ రాత్రి సౌత్ కరోలినాలో కాంబహీ నదిపై ఉత్తరసేన పడవలకు దారిచూపి, ఒక్క దాడిలో ఏడువందల మందికి పైగా బానిసలను విడిపించెను. స్త్రీలు చంకన బిడ్డలతో, నెత్తిన పొయ్యిమీద కుండలతో పడవలకు పరుగెత్తివచ్చిరట. యుద్ధము ముగిసిన ముప్పది యేండ్లకుగాని యీమెకు పింఛను రాలేదు. అదియు మొదట మృతుడైన భర్త సైనికుడగుటచేత వచ్చినదే.

ఫ్రెడరిక్స్‌బర్గు, చాన్సెలర్స్‌విల్ పోరులలో లీ గెలిచెను. రెండవదానిలో తన కుడిభుజమగు జాక్సనును స్వపక్షపు గుండ్లవలననే పోగొట్టుకొనెను. కాని రణమున గెలుచుచున్న ఆ రాజ్యమున ఇండ్లలో నేమి జరుగుచున్నది? 1863 ఏప్రిలు 2వ తేదీన రాజధానియగు రిచ్‌మండులో వందలకొలది స్త్రీలు గొడ్డండ్లు, కత్తులు చేతబట్టి రొట్టె కావలెనని దుకాణములు పగులగొట్టిరి. అధ్యక్షుడు డేవిస్ స్వయముగా వచ్చి బండిపై నిలిచి, జేబులోని డబ్బులు విసరి, పోకున్న కాల్పింతునని బెదిరించి పంపెను. కాగితపు నోట్లు విలువ పడిపోవ, పిండి ధర పెరిగిపోవ, బిడ్డల కేమి పెట్టుదురు? ఈ సంగతి పత్రికలలో రానీయవద్దని ప్రభుత్వమువారు కోరిరి. రిచ్‌మండు పతనము రెండేండ్ల ముందే యీ వీధిలో మొదలైనదని నా తలంపు.

1863 జూలై మొదటి నాలుగు దినములలో రెండు గొప్ప సంగతులు జరిగెను. మొదటిది పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గు. 2,400 మంది యున్న యా యూరిలోనికి లక్షన్నరకు మించిన సైన్యములు వచ్చి పడెను. మూడు దినములు పోరు. మూడవనాటి మధ్యాహ్నము 12,500 మంది దక్షిణసైనికులు ముక్కాలు మైలు బట్టబయలున నడచి ఔత్తరాహుల ఫిరంగుల కెదురేగిరి. సగముమంది తిరిగి రాలేదు. మొత్తముమీద చచ్చినవారు, గాయపడినవారు, చిక్కినవారు కలిసి దాదాపు యేబదివేలు.

ఆ మూడవనాటి యుదయముననే జెన్నీ వేడ్ అను ఇరువదియేండ్ల పిల్ల, కొలదిదినముల బాలెంతయగు అక్క యింట, సైనికులకై రొట్టెపిండి పిసుకుచుండెను. రెండు తలుపులు తూటు పొడుచుకొని వచ్చిన తుపాకిగుండు తగిలి పిండితొట్టి దగ్గఱనే కూలెను. ఆ పోరున నేరుగా గుండు తగిలి చచ్చిన పౌరజనమున నామె యొక్కతెయే. తల్లి యా పిండితోనే రొట్టెలు కాల్చి సైనికులకు పెట్టినదని చెప్పుదురు. ఈమెను పెండ్లాడవలసిన యువకుడు అంతకుముందే వేఱొకచోట గాయపడి, ఈ చావు తెలియకయే జూలై 12వ తేదీన చనిపోయెను.

ఆ యూరి శ్మశానపు కావలివాడు సైన్యమునకు పోగా, ఆ పని భార్య ఎలిజబెత్ తోర్న్ చూచుచుండెను. ఆమెకప్పుడు ఆఱవ నెల. ఎండకు శవములు కుళ్ళుచుండ, ముసలితండ్రిని తోడు చేసికొని తొంబదికి పైగా గోతులు త్రవ్వి సైనికులను పూడ్చిపెట్టెను. మన యిండ్లలో ఆఱవ నెల గర్భిణిని బిందె యెత్తనీయము. నవంబరు 19వ తేదీన లింకను ఆ యూరికి వచ్చి రెండు మూడు నిమిషముల ప్రసంగము చేసెను. లోకమంతట పిల్లలు దానిని వల్లించుచున్నారు. తోర్న్ పేరు మాత్రము కొలదిమందికే తెలియును.

రెండవది విక్స్‌బర్గు. మిసిసిపి నదిపై కొండకొమ్మున నున్న యీ పట్టణము దక్షిణముయొక్క మెడనరమువంటిది. ఉత్తరసేనాని గ్రాంటు మేలో రెండు మాఱులు లగ్గ పట్టి విఫలుడై, ముట్టడి వేసెను. నలువదియేడు దినములు నదినుండి, నేలనుండి గుండ్లు కురిసెను. జనులు పచ్చని మట్టిగుట్టలలో గుహలు త్రవ్వుకొని అందు తివాసులు పఱచి, మంచములు వేసి కాపురములు చేసిరి. మేరీ లాఫ్‌బరో యను సైనికుని భార్య రెండేండ్ల కూతురితో నట్టి గుహలో నుండి, ఆ కథ నంతయు 1864లో పుస్తకముగా వెలువరించెను. గుహలో పుట్టిన యొక మగబిడ్డకు తలిదండ్రులు పేరునడుమ ‘ముట్టడి’ యను నర్థముగల మాటను చేర్చిరి. బఠాణీపిండి రొట్టెలు, కంచరగాడిద మాంసము తిండియయ్యెను. కాగితము లేక పత్రికను గోడలకంటించు రంగుకాగితముల వెనుకవైపున నచ్చువేసిరి. జూలై 4వ తేదీన, దేశస్వాతంత్ర్యదినముననే, రమారమి 29,000 మంది సైనికులతో పట్టణము లొంగెను. కొలదిదినములలో నదియంతయు ఔత్తరాహుల వశమై దక్షిణకూటమి రెండు ముక్కలయ్యెను.

1864లో గ్రాంటు సర్వసేనానియై లీ నెదుర్కొనెను. మేలో ‘విల్డర్నెస్’ అడవిలో పోరునకు చెట్లంటుకొని, కదలలేని క్షతగాత్రులు మంటలలో కాలిపోయిరి. ఇంతకుముందు సేనానులందఱు ఇట్టి దెబ్బ తగిలినంతనే వెనుకకు మరలెడివారు. గ్రాంటు దక్షిణపు దారి పట్టించెను. సైనికులు దారి గుర్తించి జయధ్వానము చేసిరట. ఆపై నెలలకొలది నెత్తురు. పీటర్స్‌బర్గు ముందు తొమ్మిది నెలలకు మించిన ముట్టడి.

ఉత్తరదేశపు తల్లులిక కొడుకుల నీయలేమనిరి. ఆ నవంబరులో ఎన్నిక. తాను తప్పక ఓడుదునని లింకను ఆగస్టు 23వ తేదీన ఒక కాగితముపై వ్రాసి, మడిచి, లోపలి దేమో చూపకయే మంత్రులచేత చేవ్రాలు చేయించెను. ఆతని యెదిరి యాంటియెటమునాటి మెక్లెలనే! ఆతని పక్షమువారు సంధిని కోరువారు. సెప్టెంబరు 2వ తేదీన సేనాని షెర్మను అట్లాంటాను పట్టుకొనెను, గాలి మాఱెను, లింకను గెలిచెను. ఓటు స్త్రీలకు లేదు. దేశమంతట వారికా హక్కు 1920లోగాని రాలేదు. కాని ఎలిజబెత్ కేడీ స్టాంటను, సూసన్ ఆంథొనీ యను నిరువురు స్త్రీలు దాస్యమును రాజ్యాంగముద్వారా మాన్పవలెనని ఇంటింట తిరుగువారి నేర్పఱచి, నాలుగు లక్షలకు చేరువగా చేవ్రాళ్ళు కూర్చి శాసనసభకు పంపిరి. 1865 డిసెంబరున దాస్యమును తుడిచివేసిన సవరణకు వెనుక ఈ చేవ్రాళ్ళును గలవు.

షెర్మను 60,000 మందితో అట్లాంటానుండి సముద్రమువఱకు మూడువందల మైళ్ళు నడచుచు రైలుపట్టాలు పెఱికి, గాదెలు దోచి, డిసెంబరు 21వ తేదీన సవానా చేరెను. స్వేచ్ఛ వచ్చెనని వేలకొలది నల్లవారు సేన వెంట నడచిరి. డిసెంబరు 9వ తేదీన ఎబెనీజరు వాగుయొద్ద ఒక ఉత్తరసేనాని, తన సైనికులు దాటగానే వంతెన తీయించివేసెను. వెనుకనుండి దక్షిణాశ్వికులు తఱుముకొని రాగా స్త్రీలు, పిల్లలు, వృద్ధులు చన్నీటిలో దుమికిరి; పలువురు మునిగిపోయిరి. ధర్మపక్షమున నున్నంతమాత్రమున చేతులన్నియు శుద్ధములు కావు.

1865 ఏప్రిలు మొదట రిచ్‌మండు పడెను. 9వ తేదీన లీ లొంగుబాటునకు ఒక యిల్లు కావలసివచ్చెను. అపొమాటాక్స్ అను పల్లెలో దొరకిన యిల్లు ఎవరిదనుకొన్నారు? యుద్ధమునకు దూరముగా పోవలెనని వచ్చిన మెక్లీన్‌దే! ఆతని ముందుగదిలో గ్రాంటు, లీ ఎదురెదురుగా కూర్చుండిరి. వేసవి పంటకు దున్నుకొనవలె గనుక సైనికులు తమ గుఱ్ఱములను, కంచరగాడిదలను ఇండ్లకు తోలుకొనిపోవచ్చునని గ్రాంటు ఒప్పుకొని, ఆకలిగొన్న శత్రుసేనకు తిండి పంపెను. వారు లేచిపోగానే ఉత్తరసైన్యాధికారులు జ్ఞాపకార్థమని బల్లలు, కుర్చీలు మోసికొనిపోయిరి. మెక్లీన్ చిన్నకూతురు లూలా గుడ్డబొమ్మను గూడ నొకడెత్తుకొనిపోయెను. నూఱేండ్లు దాటిన పిమ్మట ఆ బొమ్మ యా యూరికి తిరిగివచ్చి, నేడు ప్రదర్శనశాలలో నున్నది.

అయిదు దినములకు లింకను నాటకశాలలో కాల్చబడి, 15వ తేదీ ఉదయమున మరణించెను. ఆ యుద్ధమున చచ్చిన సైనికులు 6,20,000 అని చిరకాలము లెక్క చెప్పిరి. జనాభాలెక్కలను మరల శోధించిన యిటీవలి పండితులు ఏడు లక్షలనియు, అంతకు పైననియు చెప్పుచున్నారు. గుండ్లకంటె విరేచనములు, జ్వరములు చంపినవారే యెక్కువ.

విడుదలైన 40 లక్షల మందికి భూమి లేదు, ఇల్లు లేదు. మొట్టమొదట వారు చేసిన పని తమవారిని వెదకుకొనుట. చేతనైనవారు కాలినడకను నూఱేసి మైళ్ళు పోయిరి. తక్కినవారు పత్రికలలో ప్రకటనలు వేయించిరి: నా కూతురు ఈ పేరిట ఫలానా దొరకు అమ్మబడినది, అప్పటికి దానికిన్ని యేండ్లు, ఎవరైన నెఱిగిన తెలుపుడు, అని. అట్టి ప్రకటనలు వేలకొలది దొరకినవి. పోరు ముగిసి ముప్పది, నలువది యేండ్లు గడచిన తరువాతను, ఇరువదవ శతాబ్ది వచ్చిన పిదపను, తలనెఱసిన బిడ్డల కొఱకు ముసలితల్లులు, తల్లుల కొఱకు ముసలివారైన బిడ్డలు నట్టి ప్రకటనలు వేయించుచునే యుండిరి.